ఐవిన్ చూడని పాట

ఉల్లా థోర్స్‌గార్డ్‌కి అరవై ఒకటి. అందులో ముప్ఫై ఆరేళ్ళు ఒకే కంపెనీలో గడిచాయి. ఆ ముప్ఫై ఆరులో పంతొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర, ఆ బల్లకి అవతల ఒకే మనిషి. ఆ మనిషి పేరు ఐవిన్. ఇంతేనా ఒక ఆడమనిషి బతుకు అని ఎవరైనా పెదవి విరిస్తే వాళ్ళతో నాకు తగాదా ఉంది. ఇంతే కాదు, బోలెడంత ఉంది. కాస్త ఓపిక పట్టి వినాలి, అంతే.

కోపెన్‌హాగెన్ రేవు ఒడ్డున అద్దాలతో కట్టిన ఆ పింఛను కంపెనీలో రెండు వేల మంది పనిచేస్తారు. పై అంతస్తుల్లో ప్రపంచమంతా పెట్టుబడులు పెట్టేవాళ్ళుంటారు. వాళ్ళు లిఫ్టులో కూడా చెవిలో ఫోను పెట్టుకుని మాట్లాడుతూనే ఉంటారు. ఉల్లా ఉండేది రెండో అంతస్తు, చెల్లింపుల విభాగం. ఆమె చేరిన నాటి నుంచి ఆ విభాగానికి ఆరు పేర్లు మారాయి. ఆరేళ్ళకోసారి కొత్త డైరెక్టర్ రావడం, కొత్త పేరు పెట్టడం, బల్లలు అటువి ఇటు జరిపించడం, అందరికీ కేకు పెట్టడం. పేరేదైనా పని ఒక్కటే. మనిషి ఉద్యోగం మానేసిన రోజున పింఛను మొదలవ్వాలి. మనిషి పోయిన రోజున అది భార్యకో భర్తకో మళ్ళాలి.

ఉల్లా పుట్టింది దక్షిణాన నాక్స్కో ఊళ్ళో, చక్కెర ఫ్యాక్టరీ పక్కన. నాన్న అందులోనే కూలి. ఇరవై అయిదేళ్ళకి ఒక చేతిసంచితో రాజధానికి వచ్చి ఈ కంపెనీలో పడింది. మధ్యలో ఒక ఓడ ఇంజనీరుని పెళ్ళి చేసుకుంది. ఆయన సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ బాగానే సాగింది, ఒడ్డుకొచ్చి ఇంట్లో కూర్చున్నాక సాగలేదు. విడిపోయారు. పిల్లల్లేరు. వంతెన అవతల అమాగెర్ పేటలో మూడో అంతస్తు మీద రెండు గదుల ఇల్లు, ఒక సైకిలు, కిటికీలో రెండు జెరేనియం కుండీలు. వీటితో పాటు ఆమెకి పాటలు కట్టే విద్య ఒకటుంది.

ఆ దేశంలో ఎవరైనా ఉద్యోగం వదిలి వెళ్తుంటే ఊరికే చేతులు ఊపి పంపరు. కేకు, చిన్న చిన్న కాగితం జెండాలు, పెద్దవాళ్ళ ఉపన్యాసాలు అయ్యాక ఒక పాట ఉండాలి. అందరికీ తెలిసిన ఏదో పాత వరసలో, వెళ్ళేవాడి బతుకంతా ఎక్కించి, వాడి గుట్లు కాస్త బయటపెట్టి, కాగితాల మీద అచ్చేసి పంచుతారు. అందరూ లేచి నిలబడి చివరి అక్షరం దాకా పాడతారు. పాట లేకుండా వెళ్ళినవాణ్ణి తరిమేశారేమో అనుకుంటారు. రెండో అంతస్తులో ఆ పాటలన్నీ ఉల్లావే.

ఇక ఐవిన్ సంగతి. డబ్బుతో వ్యవహరించే పెద్ద కంపెనీ ఏదైనా అక్కడ నాలుగు కళ్ళ నియమం ఉంటుంది. ఎంత కొమ్ములు తిరిగిన ఆఫీసరైనా ఒంటి చేత్తో ఒక్క క్రోనా కూడా బయటికి పంపలేడు. ఒకరు రాయాలి, ఇంకొకరు చూసి సరే అనాలి. ఉల్లా రాస్తుంది, ఐవిన్ చూస్తాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, నవ్వితే చెవులు ఎర్రబడతాయి. పదకొండేళ్ళ కింద భార్య పోయింది. కర్మకాండలు అయిన మర్నాడే ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు. ఉల్లా ఏమీ అడగలేదు. రెండు కప్పుల కాఫీ తెచ్చి ఒకటి అతని ముందు పెట్టింది. ఆ రోజు నుంచి కాఫీ తెచ్చే పని ఆమెదే అయింది.

అతను పని చూసే తీరు ఎలాంటిదో ఒక్క ముక్కలో చెబుతాను. ఒకసారి ఒక విధవరాలికి పింఛను కాగితం పంపుతుంటే ఐవిన్ దాన్ని తిప్పి పంపాడు.

"ఎక్కడ తప్పుంది?" అని అడిగింది ఉల్లా. ఆమె రాసిన దాంట్లో తప్పు దొరకడం అరుదు, ఆ పొగరు కొంచెం ఉంది.

"తప్పేం లేదు. ఇది గురువారం చేరుతుంది."

"అయితే ఏంటి?"

"గురువారం వాళ్ళాయన పుట్టినరోజు. పైన తేదీ చూడు. శుక్రవారం చేరేట్టు పంపు."

ఉల్లా ఆ తేదీ వంక, ఆ తర్వాత అతని వంక చూసింది. అదిగో, ఆ రోజే ఆమె మనసు అతనిదైపోయింది. అయిపోయిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అతనికి అసలు చెప్పలేదు.

నాలుగు కళ్ళ అలవాటు మెల్లగా అన్నిటికీ పాకింది. ఉల్లా చెల్లెలికి ఉత్తరం రాసినా, ఇంటి పన్ను మీద ఫిర్యాదు రాసినా ముందు బల్ల మీంచి అవతలికి తోసేది. పాటలైతే మరీను. ఆమె రాసేటప్పుడు ఆగదు, తోచిందంతా రాసేస్తుంది. పాత డైరెక్టర్‌కి రాసిన పాటలో ఆయన విగ్గు మీద ఏకంగా ఒక చరణం ఉంది. ఐవిన్ చదివి, చెవులు ఎర్రగా చేసుకుని నవ్వి, దాని మీద అడ్డంగా గీత గీసి, "ఇది మన ఇద్దరికి చాలు, బయటికి వద్దు" అని తిరిగి తోశాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. ఆమె నోటికొచ్చింది రాయడం, అతను వద్దన్నది కొట్టేయడం, మిగిలింది జనం పాడుకోవడం.

ఆడిట్ వాళ్ళకి ఈ జబ్బు బాగా తెలుసు. ఇద్దరు మనుషులు చాలాకాలం జంటగా పనిచేస్తే, అతను చూస్తాడులే అని ఆమె, ఆమె సరిగ్గానే రాసుంటుందిలే అని అతను, చివరికి నాలుగు కళ్ళూ మూసుకుపోతాయట. తమ ఇద్దరి విషయంలో అలాంటిదేం జరగదని ఉల్లా ధీమా. ఆ ధీమా సంగతి ముందుకెళ్తే తెలుస్తుంది.

మార్చి నెలలో ఒక మంగళవారం కాఫీ తాగుతూ ఐవిన్ అన్నాడు: "మే ముప్ఫై ఒకటి నా ఆఖరి రోజు. పై అధికారికి చెప్పేశాను."

"ఏ సంవత్సరం?" అంది ఉల్లా.

"ఈ సంవత్సరమే. అరవై ఏడు వస్తున్నాయి కదా. ఫ్లాట్ అమ్మేశాను. బోర్న్‌హోల్మ్‌లో మా తమ్ముడింటి పక్కన చిన్న ఇల్లుంది. అక్కడికి వెళ్ళిపోదామని."

బోర్న్‌హోల్మ్ అంటే సముద్రం మధ్యలో ఉన్న దీవి. గాలి, చేపలు కాల్చే పొగగొట్టాలు తప్ప అక్కడ ఏముందని ఉల్లాకి ఒళ్ళు మండింది. పైకి మాత్రం, "మంచి గాలి" అంది.

"అవును, మంచి గాలి" అన్నాడు ఐవిన్.

అంతే మాట్లాడుకున్నారు. ఇద్దరి బుర్రలూ ఒకదానికొకటి వేసి కొట్టాలనిపించదూ? నాకైతే అనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఉల్లా గోడ మీది క్యాలెండర్ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. మే చివరి వారం, జూన్ మొదటి వారం కలిపి ఎర్ర గీత గీసి ఉంది. అది ఆమె తాళం సెలవు.

తాళం సెలవంటే మామూలు సెలవు కాదు. డబ్బు మీద చెయ్యి ఉండే ప్రతివాడూ ఏడాదికోసారి ఏకబిగిన రెండు వారాలు బయటికి పోవాలి. కార్డు పనిచేయదు, కంప్యూటరు తెరుచుకోదు, ఆఫీసు ఫోను సొరుగులో పెట్టి పోవాలి, ఆవరణలో అడుగు పెట్టకూడదు, తోటివాళ్ళతో పని మాటలు మాట్లాడకూడదు. దొంగలెక్క నడిపేవాడు రోజూ దాన్ని కాచుకోవాలి కాబట్టి సీటు వదల్లేడు, రెండు వారాలు బయట పెడితే గుట్టు రట్టవుతుందని లెక్క. జన్మలో ఒక పెన్సిలు కూడా ఇంటికి తీసుకెళ్ళని ఉల్లాకీ అదే రూలు. లైలాక్ పూలు పూసే రోజులని జనవరిలో ఆ తేదీలు ఆమె తనే ఏరుకుంది.

మర్నాడు ఆస్గర్ దగ్గరికి వెళ్ళింది. ఆస్గర్ ఆమె పై అధికారి, ముప్ఫై నాలుగేళ్ళవాడు. మంచివాడే గానీ రూలు పుస్తకం చూడందే తుమ్మడు.

"ఆ సెలవు ఒక్క వారం జరుపు ఆస్గర్."

"జరపలేను ఉల్లా. పోయినేడాది కంప్యూటర్లు మార్చినప్పుడు నీది ఒకసారి జరిపాం. రెండోసారి జరిపితే ఆడిట్ వాళ్ళు నా పీక మీద కూర్చుంటారు."

"ఐవిన్ వీడ్కోలుకి నేను లేకపోతే ఎలా? ఒక్క గంట అతిథిలా వచ్చి పోతాను."

"అడిగాను. నువ్వు అడుగుతావని తెలిసి ముందే అడిగాను" అన్నాడు ఆస్గర్, పాపం మొహం చిన్నబుచ్చుకుని. "కుదరదన్నారు. ఎందుకంటే..."

"ఎందుకో నాకు చెప్పకు. నువ్వు స్కూలుకి వెళ్ళేటప్పుడు ఆ రూలు మీద పరీక్షలు రాశాను నేను. తాతకు దగ్గులు నేర్పుతున్నావా?" అని లేచి వచ్చేసింది.

మే నెల ఇరవై నాలుగు, శుక్రవారం. సెలవుకి ముందు ఆఖరి రోజు. నాలుగింటికి ఉల్లా బల్ల తుడిచింది, సొరుగులో ఫోను పెట్టి తాళం వేసింది, కోటు వేసుకుంది. ఐవిన్ లేచి నిలబడ్డాడు.

"పాట రాస్తావా నాకు?" అన్నాడు.

"రాయకుండా ఉంటానా."

"ఈసారి నేను చూడ్డానికి లేదు."

"నీ పాట నువ్వెలా చూస్తావ్?"

"అదే." కాసేపు కిటికీలోంచి రేవు వైపు చూశాడు. "సరే అయితే."

"సరే అయితే" అంది ఉల్లా. చేతులు కలుపుకున్నారు. పంతొమ్మిదేళ్ళు బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు మనుషులు, బ్యాంకు మేనేజరూ ఖాతాదారూ కలుపుకున్నట్టు చేతులు కలుపుకున్నారు. ఆమె లిఫ్టులో అయిదు అంతస్తుల ఎత్తు నుంచి కిందికి పడిపోయినట్టు దిగి, సైకిలు తాళం తీయడానికి మూడుసార్లు ప్రయత్నించింది. వచ్చే శుక్రవారం అతని వీడ్కోలు. సోమవారం పొద్దున అతని పడవ. అతని ఫోను నంబరు ఆమె దగ్గర లేదు. రోజూ ఎదురుగా ఉండేవాడి నంబరు ఎవరికి కావాలి?

మంగళవారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాట రాసింది. వరస మే నెలలో పిల్లలు పాడుకునే పాత పాటది. మొదటి చరణంలో అతని కళ్ళజోడు వచ్చింది, రెండోదాంట్లో అతను తిప్పి పంపిన కాగితాలు, మూడోదాంట్లో ఆరు పేర్లు మారిన విభాగం, నాలుగోదాంట్లో బోర్న్‌హోల్మ్ గాలి. అక్కడికి పాట అయిపోవాలి. కానీ కలం ఆగలేదు, అయిదోది దానంతటదే వచ్చింది. అది రాసి చదువుకుని ఉల్లా కాసేపు ఏడ్చింది, ముక్కు చీదింది, కాగితాలన్నీ మడిచి కవర్లో పెట్టింది. ఆ అయిదోది బయటికి పోయేది కాదని ఆమెకి తెలుసు. అలాంటివి ఐవిన్ కొట్టేస్తాడు కదా. ఎవరి పాట ఇది, ఎవరు కొట్టేయాలి అన్న ఆలోచన ఆ చేతికి రాలేదు. పంతొమ్మిదేళ్ళ అలవాటు పడ్డ చెయ్యి.

బుధవారం పొద్దున, సెలవుకి ముందే అనుకున్న ప్రకారం, రొట్టెల దుకాణం ముందు దెర్యాని కలుసుకుంది. దెర్యా వాళ్ళ విభాగంలో చిన్నది, ఇరవై తొమ్మిది. అమ్మానాన్నలు టర్కీ నుంచి వచ్చినవాళ్ళు. ఉల్లాని ‘అబ్లా’ అని పిలుస్తుంది, వాళ్ళింట్లో అక్కని అలా అంటారు. ఆమె అటూ ఇటూ చూస్తూ వచ్చింది.

"అబ్లా, నీతో మాట్లాడితే నా ఉద్యోగం పోతుందా?"

"పాట కూడా పనేనా? ఇది తీసుకుపో. కంప్యూటర్లో కొట్టి నలభై కాపీలు తియ్యి."

"మళ్ళీ నిన్నేమైనా అడగాలంటే?"

"అడగకూడదు. ఆ రూలు పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నావుగా, గుర్తులేదూ?"

దెర్యా కవరు కోటు లోపల దాచుకుని దొంగ సరుకు మోస్తున్నదానిలా నడిచిపోయింది. ఆ సాయంత్రం పాట కంప్యూటర్లో కొడుతూ అయిదో చరణం దగ్గర ఆగిపోయింది. 'అమ్మో, ఎంత ధైర్యం మా అబ్లాకి!' అనుకుంది. కళ్ళు తుడుచుకుని నలభై కాపీలు తీసింది. అడగడానికి వీల్లేదు కాబట్టి అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి ఉల్లా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మూడింటికి అక్కడ కేకు కోస్తారు. తను లేకపోయినా పాట ఉంటుంది కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటూ దాన్నే కూనిరాగం తీస్తోంది. ఒక చరణం, ఒక దుప్పటి. రెండో చరణం, దిండు గలీబులు. నాలుగో చరణం అయింది. అయిదోది నోట్లోకి వచ్చింది. చేతిలో తడి తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఓరి దేవుడా" అంది ఉల్లా. "అది ఎవరు కొట్టేశారు?"

ఎవరూ కొట్టేయలేదు. కొట్టేసేవాడి చేతికే ఇస్తారు దాన్ని. కాదు, చేతికివ్వడమా! నలభై మంది నిలబడి, గొంతెత్తి, అతని మొహం మీద పాడతారు. పై అంతస్తు డైరెక్టర్ కూడా వస్తుంది. కొంప మునిగింది. ఉల్లా మెట్లెక్కి ఇంట్లోకి పరిగెత్తింది.

దెర్యా సొంత నంబరు లేదు, ఆస్గర్‌దీ లేదు. ఉన్నవన్నీ సొరుగులో తాళం వేసిన ఫోనులో ఉన్నాయి. దిక్కుతోచక కంపెనీ పెద్ద నంబరుకే చేసింది, ఖాతాదారుల్లా. తియ్యటి ఆడగొంతు పలికింది: "మీ ఫోను మాకు ముఖ్యం. మీరు వరసలో ఇరవై మూడో వారు."

"ముప్ఫై ఆరేళ్ళు పనిచేశానే నీ దగ్గర!" అని ఆ గొంతు మీద అరిచింది ఉల్లా. ఆ గొంతు ఏమీ అనుకోకుండా వయొలిన్ సంగీతం పెట్టింది.

సైకిలు తీసింది. ఏప్రనుతోనే, తల మీద బట్టల క్లిప్పుతోనే వంతెన మీద పడింది. ఎర్రదీపం దగ్గర ఆగలేదు. ఆ ఊళ్ళో ఎర్రదీపం దగ్గర ఆగనివాళ్ళని హంతకుల్ని చూసినట్టు చూస్తారు. చూడనీ.

లాబీలోకి వచ్చేసరికి మూడూ పదైంది. గేటుకి కార్డు ఆనించింది. ఎర్రగా వెలిగి కీచుమంది. కాపలా బల్ల వెనక కుర్త్ లేచాడు. పదేళ్ళుగా రోజూ పొద్దున ఆమెకి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు.

"ఉల్లా, నువ్వు సెలవులో ఉన్నావు."

"తెలుసు కుర్త్! తెరువు. రెండే రెండు నిమిషాలు."

"తెరవలేనని నీకూ తెలుసు. లాబీలో ఎంతసేపైనా కూర్చో, ఇది అందరిదీ. గేటు దాటితే నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది."

"అయితే క్యాంటీన్‌కి ఫోన్ చెయ్యి. దెర్యాని పిలువు. పాట ఆపమని చెప్పు."

కుర్త్ ఫోన్ చేశాడు. గేటు అవతల పదిహేను అడుగుల దూరంలో క్యాంటీన్ తలుపుల వెనక ఆ ఫోను మోగడం ఉల్లాకి ఇక్కడి నుంచే వినిపించింది. ఎవరూ ఎత్తలేదు. ఎందుకంటే అప్పుడే నలభై కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. పాట మొదలైంది.

మొదటి చరణానికి నవ్వులు. రెండోదానికి చప్పట్లు. మూడోదానికి ఆస్గర్ గొంతు అందరికంటే పైన వినిపించింది, పాపం శ్రుతి లేదు. ఉల్లా రెండు చేతులా గేటు పట్టుకుని నిలబడింది. నాలుగో చరణంలో బోర్న్‌హోల్మ్ గాలికి ఐవిన్ టోపీ ఎగిరిపోయింది, అందరూ నవ్వారు. ఒక్క క్షణం ఆగి, ఊపిరి పీల్చుకుని, కింద ఏముందో ముందుగా చూసుకోకుండా నలభై మందీ అయిదోది ఎత్తుకున్నారు.

*రెండు కుర్చీల ఇల్లు నాది, ఒకటే అరిగింది,*
*రెండోదాని మీద ఇన్నాళ్ళూ పేపరే కూర్చుంది.*

ఇక్కడికి సగం గొంతులు తగ్గాయి. జనానికి అర్థమవుతోంది. కానీ ఆ దేశంలో చేతికి పాట కాగితం ఇచ్చాక మధ్యలో ఆపడం ఎవరికీ రాదు.

*నువ్వొచ్చి కూర్చుంటే పేపరు కింద పెడతాను,*
*పడవెక్కి వెళ్ళిపోతే పాటెవరికి రాస్తాను?*

చివరి వాక్యం పాడింది ముగ్గురో నలుగురో. అందులో ఒకటి దెర్యా గొంతు. చప్పట్లు కూడా లేవు. కుర్త్ తన కీబోర్డు వంక దీక్షగా చూస్తున్నాడు.

ఉల్లాకి భూమి చీలి తనని తీసుకుపోతే బాగుండనిపించింది. పరువు సంగతి సరే, పోతే పోయింది. ఐవిన్ మొహం ఎలా ఉండి ఉంటుందో అన్నదే ఆమె బాధ. అందరి ముందు, జెండాల మధ్య, కేకు ముందు నిలబెట్టి సిగ్గుపడే మనిషిని ఇలా చేసింది. వెనక్కి తిరిగి సైకిలు దగ్గరికి వెళ్ళిపోదామని రెండడుగులు వేసింది కూడా.

క్యాంటీన్ తలుపు తెరుచుకుంది. ఐవిన్ వచ్చాడు. చేతిలో పాట కాగితం, చెవులు మెడ దాకా ఎర్రగా ఉన్నాయి. అతని కార్డు మధ్యాహ్నమే ఆస్గర్ తీసేసుకున్నాడు, గేటు దగ్గర చేతులాడక నిలబడ్డాడు. కుర్త్ మీట నొక్కాడు. బయటికి పోయేవాళ్ళకి రూలేమీ లేదు.

"ఇది ఎవరు చూశారు?" అన్నాడు ఐవిన్, కాగితం ఎత్తి.

"ఎవరూ చూడలేదు."

"తెలుస్తూనే ఉంది. రెండో చరణంలో ఒక అక్షరం ఎక్కువైంది, అందరూ తడబడ్డారు."

ఉల్లాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "క్షమించు ఐవిన్. చివరిది నువ్వు కొట్టేస్తావనుకున్నాను."

"నేనా? నా పాటలోనా?"

"అలవాటు. నీకు ఇస్తున్నాననే అనుకుంది చెయ్యి. అందరి ముందూ నిన్ను ఇలా..."

"నాకు ఇచ్చి ఉంటే కొట్టేసేవాణ్ణి" అన్నాడు ఐవిన్.

ఆ మాటకి ఆమె తల దించుకుంది. అతను ఇంకా ఏదో చెప్పడానికి తంటాలు పడుతున్నాడు. పంతొమ్మిదేళ్ళలో అతను తన మనసు గురించి మాట్లాడ్డం ఆమె వినలేదు.

"భయపడి కొట్టేసేవాణ్ణి. కొట్టేసి, మన ఇద్దరికి చాలు అని నీకు తిరిగిచ్చి, సోమవారం పడవెక్కేవాణ్ణి. నువ్వేమీ అనేదానివి కావు, నేనేమీ అనేవాణ్ణి కాదు. అక్కడ కూర్చుని చచ్చేదాకా ఆ నాలుగు వాక్యాలూ చదువుకునేవాణ్ణి." ఊపిరి పీల్చుకున్నాడు. "ఇప్పుడు నలభై మంది పాడేశారు. ఇంకెవరు కొట్టేస్తారు దీన్ని?"

"నీకు కోపం లేదా?"

"నువ్వు రాసింది నిజమేనా ఉల్లా? పాట కోసం రాసిందా?"

"నిజం" అంది ఉల్లా. ఏప్రను అంచు పట్టుకుని మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. "నిజం. నువ్వు వెళ్ళిపోతే నాకు చాలా కష్టంగా ఉంటుంది. కాఫీ కోసం కాదు, కాగితాలు చూడ్డం కోసం కాదు. నువ్వు కావాలి, అంతే."

ఐవిన్ జేబులోంచి ఫోను తీశాడు. కళ్ళజోడు పైకి నెట్టి, ఒక నంబరు నొక్కాడు. చెవి సరిగా వినపడదని దాన్ని ఎప్పుడూ పెద్ద గొంతు మీదే పెట్టుకుంటాడు. దీవి మీద గాలి చప్పుడుతో సహా అతని తమ్ముడు యోర్గెన్ లాబీ అంతటా మోగాడు.

"ఏరా అన్నయ్యా, అయిపోయిందా కేకు?"

"యోర్గెన్, నేను రావడం లేదు."

"సోమవారం కాకపోతే మంగళవారం రా. సామాన్లు నేను దింపుకుంటాలే."

"అది కాదు. అసలు రావడం లేదు. ఇక్కడే ఉంటాను." ఉల్లా వైపు చూశాడు. "ఒకావిడ ఉంది. ఆవిడ పేరు..."

"ఉల్లా" అన్నాడు యోర్గెన్.

కుర్త్ కీబోర్డు మీంచి తలెత్తి చూశాడు.

"నీకెలా తెలుసు?" అన్నాడు ఐవిన్.

"ఎలా తెలుసా? పదేళ్ళ నుంచి ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో బాతు తింటూ నువ్వు చెప్పేది ఇంకెవరి గురించిరా? ఉల్లా ఇలా అంది, ఉల్లా అలా రాసింది. మా ఆవిడ నీకోసం పరిచిన పరుపు మీద వదినకి కూడా చోటుంటుందా అని నిరుడే అడిగింది. ఆవిడకి చెప్పావా మరి, లేక ముందు నాకే చెబుతున్నావా, మొద్దు సన్నాసీ?"

"ఆవిడే చెప్పింది" అన్నాడు ఐవిన్.

"చెప్పదూ మరి! నీకోసం చూస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. ఫోను ఆవిడకివ్వు."

ఉల్లా ఫోను అందుకుంది. అలాగే లాబీ సోఫాలో కూర్చుండిపోయింది. పదేళ్ళ క్రిస్మస్‌లు. తను ఆఫీసు బల్లకి ఇవతల నోరు కట్టుకుని కూర్చున్న పదేళ్ళూ, సముద్రం అవతల ఒక ఇంట్లో తన పేరు తింటూ తాగుతూ మాట్లాడుకున్నారు. "హలో? హలో, ఉల్లా?" అంటున్నాడు యోర్గెన్. ఐవిన్ వచ్చి పక్కన కూర్చుని, ఆమె జుట్టులోంచి బట్టల క్లిప్పు తీసి, ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.